డీజిల్ ఇంజిన్ మార్చాక సెన్సర్లు కూర్చోవడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఇంజిన్ దించి ఎక్కించే మేస్త్రీలు వేరే ఉంటారు. వాళ్ల పని అయ్యాక బండి నా దగ్గరికి వస్తుంది. "అంతా అయిపోయింది గురూ, మీటర్ల వైర్లు కలిపేస్తే చాలు" అంటారు. ఆ 'చాలు' దగ్గరే రెండు రోజులు పోతాయి. వైరు కలపాలంటే ముందు సెన్సర్ ఇంజిన్‌లో కూర్చోవాలి కదా, అది కూర్చోదు. పాత జీపులు, ట్రెక్కర్లు, అంబాసిడర్లు, మిల్లుల్లో జనరేటర్లు... ఏ బండి వచ్చినా జనం అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇంజిన్‌తో పాటు వచ్చిన సెన్సర్ ఉంచుకోవాలా, నా బండి పాత సెన్సర్ బిగించాలా?

డాష్‌బోర్డులో పాత మీటరే ఉంటే పాత సెన్సరే బిగించాలి. మీటరుకు కబురు పంపే ఈ సెన్సర్‌నే సెండర్ అంటాం. నేను పని నేర్పే కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: రంధ్రం ఇంజిన్‌ది, సెండర్ మీటరుది. మీటరూ సెండరూ మొగుడూ పెళ్లాల్లాంటివి, విడదీస్తే ఎవరూ నిజం చెప్పరు. ఇంజిన్ మారినప్పుడు మారేది రంధ్రం ఒక్కటే. అంటే మనం వెతకాల్సింది కొత్త సెన్సర్ కాదు, ఆ రంధ్రానికీ మన సెండర్‌కూ మధ్య కూర్చునే అడాప్టర్.

కంప్యూటర్ ఉన్న ఇంజిన్లకు ఈ లెక్క వేరు. దాని సంగతి కింద చెప్పాను.

రంధ్రం త్రెడ్ (మర) ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

అసలు పనంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు కొత్త ఇంజిన్‌తో వచ్చి, ఆ రంధ్రంలోంచి తీసిన సెండర్‌ను పారేయొద్దు. కొలవడానికి అదే మీ ఆధారం. వెర్నియర్‌తో దాని మరల బయటి కొలత రెండు చోట్ల చూడండి, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. రెండూ ఒకటే అయితే అది సమాన త్రెడ్. దాన్ని రాగి వాషర్‌తో సీల్ చేస్తారు. చివర సన్నబడితే టేపర్ త్రెడ్. అది మర మీదే బిగుసుకుని సీల్ అవుతుంది, వాషర్ అక్కర్లేదు.

తర్వాత ఇంజిన్ పుట్టుక చూడండి. అమెరికా డిజైన్ ఇంజిన్లలో ఎక్కువగా ఎన్‌పీటీ (అమెరికా పైపు మర) వస్తుంది. జపాన్ ఇంజిన్లలో ఆయిల్ ప్రెషర్ రంధ్రం చాలా వాటికి 1/8 బీఎస్పీ (బ్రిటిష్ పైపు మర) టేపర్. జర్మనీ, ఫ్రాన్స్ తరహావాటిలో మెట్రిక్: ఎం10×1, ఎం12×1.5, ఎం14×1.5, ఎం18×1.5 లాంటివి (ఎం పక్కది బయటి కొలత, తర్వాతది మరల మధ్య దూరం, మి.మీ.లో). మన దేశంలో తయారైన ఇంజిన్లు చాలావరకు ఏదో ఒక విదేశీ డిజైన్‌కు పిల్లలే. అందుకని పేరు చూసి ఊహించకండి, కొలవండి.

చిక్కంతా చిన్న సైజులోనే. 1/8 బీఎస్పీ, 1/8 ఎన్‌పీటీ, ఎం10×1 మూడూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. 1/8 బీఎస్పీ బయటి కొలత దాదాపు 9.7 మి.మీ., ఎం10ది 10 మి.మీ., 1/8 ఎన్‌పీటీది లావు వైపు సుమారు 10.3 మి.మీ. మరల మధ్య దూరం వరుసగా 0.907, 1.0, 0.941 మి.మీ. కళ్లతో చూసి చెప్పే తేడా కాదిది. అంగుళానికి బీఎస్పీకి 28 మరలు, ఎన్‌పీటీకి 27. మర కోణం కూడా వేరు: బీఎస్పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. పావు అంగుళం సైజులోనూ ఇదే కథ, అక్కడ బీఎస్పీకి 19 మరలు, ఎన్‌పీటీకి 18.

నా దగ్గర ఒక తీగకు గుచ్చిన మూడు ఇత్తడి నిపుల్స్ (బయట మర ఉన్న చిన్న గొట్టాలు) ఉంటాయి. ఒకదానికి ఆకురాయితో ఒక గాటు, ఇంకోదానికి రెండు, మూడోదానికి మూడు. బీఎస్పీ, ఎన్‌పీటీ, ఎం10. రంధ్రం శుభ్రంగా తుడిచి ఒక్కోటి చేత్తో మాత్రమే తిప్పి చూస్తాను, పానా ముట్టుకోను. సరైనదైతే మూడు చుట్లు సాఫీగా పోతుంది. టేపర్ అయితే ఆ తర్వాత మెల్లగా బిగుసుకుంటుంది. తప్పుదైతే చుట్టున్నరకే గట్టిగా పట్టేస్తుంది, లేదా లోపల వదులుగా ఊగుతుంది. మీ వేళ్లకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ నిపుల్స్ దండ పోయిన రోజు నేను షాపు మూసుకోవాల్సిందే.

1/8కి 1/8 కదా, కాస్త గట్టిగా తిప్పితే పోదా?

పోతుంది. ఆయిల్ కూడా పోతుంది. ఎన్‌పీటీ సెండర్‌ను బీఎస్పీ రంధ్రంలో పెద్ద పానాతో దిగ్గొడితే ఇత్తడి మర కోసుకుపోయి కూర్చున్నట్టే కనిపిస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు కారదు. వేడెక్కాక, నాలుగు గతుకులు తిన్నాక చెమ్మగిల్లుతుంది. పోత ఇనుము బ్లాకు అయితే మర చెడుతుంది. అల్యూమినియం థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే కవాటం) హౌసింగ్ అయితే నిలువునా పగులుతుంది, ఎందుకంటే టేపర్ త్రెడ్ మేకులా చీల్చుకుంటూ దిగుతుంది.

అడాప్టర్ రెడీమేడ్ దొరుకుతుందా, లేతు మీద చేయించాలా?

కొన్ని సైజులు గాజువాక ఆటోనగర్‌లో, హైడ్రాలిక్ ఫిట్టింగులు అమ్మేచోట దొరుకుతాయి. ఆన్‌లైన్లోనూ వస్తాయి. కానీ బండి జాకీ మీద ఉండగా నాలుగు రోజులు ఆగే ఓపిక ఎవరికుంటుంది? విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, ఆమదాలవలస ఎక్కడైనా మంచి టర్నర్ ఉంటే గంటలో ఇత్తడి కడ్డీ నుంచి తీసి ఇస్తాడు. రైసు మిల్లులు ఉన్న ఊళ్లలో లేతు పని తెలిసినవాళ్లకు కరువు లేదు.

టర్నర్‌కు నోటితో చెప్పొద్దు. ఇంజిన్ నుంచి తీసిన సెండర్, బిగించాల్సిన సెండర్ రెండూ చేతిలో పెట్టండి. "బయటి మర దీనిది, లోపలి మర దీనిది" అని చెప్పండి. ఇంకో మాట, టేపర్ మర కోసే ట్యాప్ (రంధ్రంలో మర తీసే పనిముట్టు) అతని దగ్గర ఉందో లేదో ముందే అడగండి. చాలామంది దగ్గర ప్లంబింగ్ సైజు బీఎస్పీ ట్యాప్‌లే ఉంటాయి, ఎన్‌పీటీ ఉండదు. ఉందని చెప్పి బీఎస్పీయే కొట్టి ఇస్తే మళ్లీ మొదటికొస్తాం. 1/8 ఎన్‌పీటీ ట్యాప్‌కు ముందు దాదాపు 8.5 మి.మీ. డ్రిల్, ఎం14×1.5కు 12.5, ఎం18×1.5కు 16.5.

గోడ మందం కూడా చూసుకోవాలి. ఎం18 రంధ్రంలో 1/8 సెండర్ కావాలంటే హాయిగా బుష్ చేయొచ్చు, సెండర్ ఇంజిన్‌కు ఆనుకునే కూర్చుంటుంది. ఎం14లోనూ కుదురుతుంది, గోడ పల్చగా ఉంటుంది. ఎం12లో మాత్రం కుదరదు, లోపల మర తీస్తే గోడే మిగలదు. అప్పుడు సెండర్ మరను ఆరుపలకల తలలో తీయాలి, ఫిట్టింగ్ బయటికి పొడుచుకొస్తుంది. ఆయిల్ ప్రెషర్‌కు పొడుచుకొచ్చినా ఫరవాలేదు. టెంపరేచర్‌కు అదే కొంప ముంచుతుంది.

టెఫ్లాన్ టేపు చుట్టొచ్చా?

ఒక్క వైరున్న సెండర్‌కు రెండో వైరు ఇంజిన్ ఒళ్లే. సెండర్ మర ద్వారానే ఎర్త్ దొరుకుతుంది. ప్లంబర్ కుళాయికి చుట్టినట్టు పది చుట్లు చుడితే మర లోహానికి లోహం తగలదు. మీటరు తప్పు చూపుతుంది, లేదా చూపీ చూపనట్టు ఊగుతుంది. ఆయిల్ వైపు ఇంకో ప్రమాదం ఉంది. మర కొనమీద తెగిన టేపు ముక్క ఆయిల్ దారిలోకి పోయి టర్బోకో వాక్యూమ్ పంపుకో వెళ్లే సన్న గొట్టంలో ఇరుక్కుంటే పెద్ద ఖర్చే.

నేను వాడేది ద్రవంగా ఉండే త్రెడ్ సీలెంట్. మొదటి ఒకటి రెండు మరలు వదిలేసి పల్చగా రాస్తాను. బిగించాక మల్టీమీటర్ ఒక కొన సెండర్ ఒంటికి, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి చూడండి. సున్నా దగ్గర ఉండాలి. ఓమ్‌లు కనిపిస్తే ముందు ఇంజిన్ నుంచి చాసిస్‌కు ఎర్త్ పట్టీ ఉందా లేదా చూడండి. ఇంజిన్ దించినప్పుడు తీసిన ఆ పట్టీని మళ్లీ బిగించడం మర్చిపోయిన బండ్లు నా దగ్గరికి ఎన్నొచ్చాయో లెక్కలేదు.

రాగి వాషర్ వచ్చే సమాన త్రెడ్‌కు సీలెంట్ అసలు అక్కర్లేదు. పాత వాషర్ వాడక తప్పకపోతే ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి, రాగి మళ్లీ మెత్తబడుతుంది.

కొత్త ఇంజిన్ ఎక్కించాక టెంపరేచర్ ముల్లు లేవడమే లేదు. ఇంజిన్ చల్లగా నడుస్తోందని సంబరపడొచ్చా?

వద్దు. ఈ ప్రశ్నకు జవాబుగా ఒక జీపు కథ చెప్తాను.

సాలూరు వైపు నుంచి వచ్చిన జీపు అది. సాలూరు 2022లో మన్యం జిల్లాలోకి పోయినా అక్కడి బండ్లు ఇంకా ఇటే వస్తాయి. సుంకి ఘాట్ మీద కొరాపుట్ వైపు సామాన్లు వేసుకుని ఎక్కే బండి. డ్రైవర్ వచ్చి, "ఏటండీ, కొత్త ఇంజిన్ ఏసినకాడి నుంచి ముల్లు అరవై దాటట్లేదు, బానే ఉందనుకున్నాం, మలుపు కాడ బానెట్ నుంచి ఆవిరి కొట్టేసింది" అన్నాడు. హెడ్ గాస్కెట్ పోయింది.

సెండర్ విప్పి చూశాను. ఇంజిన్ రంధ్రం చిన్నది, సెండర్ లావుది. ఎవరో ఒకదాని మీద ఒకటి మూడు ఫిట్టింగులు ఎక్కించి సెండర్ పెట్టారు. దాని కొన నీళ్లు పారే దారికి దాదాపు అంగుళం పైన, ఇత్తడి బుడ్డి లోపల కూర్చుంది. అక్కడ నీళ్లు కదలవు, గాలి బుడగ పట్టుకుని ఉంటుంది. గాలి లోహం దాకా వేడిని సరిగ్గా తేదు. ఆ సెండర్ నిజాయతీగానే చెప్పింది, తాను కూర్చున్న గూటి వేడి అరవై అని. ఇంజిన్ వేడి ఎంతో దానికి తెలియదు.

అందుకని టెంపరేచర్ సెండర్ కొన తప్పనిసరిగా పారే నీళ్లలో మునిగి ఉండాలి. బిగించే ముందు ఒక అగ్గిపుల్లో తీగో రంధ్రంలో పెట్టి లోపల ఎంత లోతుందో చూడండి. అడాప్టర్ ఎత్తు కలుపుకుని కొన నీటి దారిలోకి వస్తుందా లేదా లెక్క వేయండి. మరీ పొడవైన కొన అయితే ఎదురు గోడకు తగిలి వంగుతుంది, అదీ చూసుకోవాలి. చోటు విషయానికొస్తే థర్మోస్టాట్‌కు ఇంజిన్ వైపు ఉండాలి, రేడియేటర్ వైపు కాదు. రేడియేటర్ వైపు పెడితే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా చన్నీళ్ల సంగతే చెబుతుంది. అది మూసుకుపోయి ఇరుక్కుంటే మీకు వార్తే అందదు.

82 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్ వేడెక్కాక ముల్లు ఎనభై, తొంభై మధ్య ఎక్కడో కుదురుకోవాలి. ఎప్పుడూ యాభై అరవై దగ్గరే ఉంటే థర్మోస్టాట్ తీసేసి అయినా ఉండాలి, సెండర్ అబద్ధమైనా చెబుతుండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నీళ్లన్నీ కారిపోయిన బండిలో ముల్లు పైకి పోదు, కిందికి దిగుతుంది. సెండర్ గాలిలో మిగిలిపోతుంది కాబట్టి. ఘాట్ బండ్లకు నేను హెడ్ బోల్టు దగ్గర బిగించే రింగ్ రకం సెన్సర్, దానికో బజర్ అదనంగా పెట్టమంటాను. అది లోహం వేడిని చూస్తుంది, నీళ్లున్నా లేకున్నా కూస్తుంది.

హెడ్‌లో ఖాళీ రంధ్రమే లేదు. పై హోసు కోసి మధ్యలో అడాప్టర్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, రెండు లోపాలతో. ఒకటి, అది రేడియేటర్ వైపే అవుతుంది. పైన చెప్పిన ఇబ్బంది ఉంటుంది. రెండోది, అటూ ఇటూ రబ్బరే కాబట్టి ఆ అల్యూమినియం ముక్కకు ఎర్త్ ఉండదు. దాని ఒంటికి వేరుగా ఒక నల్ల వైరు బిగించి ఇంజిన్‌కు కలపాలి. "సెండర్ కొత్తదే, మీటరు కొత్తదే, ముల్లు చచ్చినట్టుంది" అని వచ్చే కేసుల్లో ఈ నల్ల వైరు లేనివే ఎక్కువ.

నన్నడిగితే థర్మోస్టాట్ హౌసింగ్ విప్పి, టర్నర్ దగ్గర ఇంజిన్ వైపు భాగంలో కొత్త రంధ్రం వేయించడం మేలు. విప్పి చేసే పని కాబట్టి లోహపు పొట్టు ఇంజిన్‌లోకి పోదు. గోడ పల్చగా ఉంటే బయట ఒక బొడిపె వెల్డింగ్ చేయించి అందులో ట్యాప్ కొట్టించాలి. అల్యూమినియం వెల్డింగ్ చేసేవాళ్లు తక్కువ, ముందే కనుక్కోండి.

ఇంజిన్ మీదే డ్రిల్ పెట్టి రంధ్రం పెద్దది చేయొచ్చా?

బ్లాకులో అయితే నేను చేయను. తప్పక చేయాల్సి వస్తే ట్యాప్ గాడుల నిండా గ్రీజు పూసి, పావు చుట్టు తిప్పి వెనక్కి తీసి, తుడిచి మళ్లీ పెట్టాలి. పొట్టు గ్రీజుకు అంటుకుని బయటికొస్తుంది. ఆయిల్ గ్యాలరీలో (బ్లాకు లోపల ఆయిల్ పారే దారి) ఒక్క ఇనుప పొట్టు మిగిలినా మెయిన్ బేరింగ్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

ఆయిల్ లైటూ కావాలి, ఆయిల్ మీటరూ కావాలి. రంధ్రం ఒక్కటే ఉంది. ఏం చేయాలి?

మామూలుగా అందరూ మూడు దారుల ఇత్తడి టీ ఫిట్టింగ్ బిగించి ఒక పక్క స్విచ్, ఒక పక్క సెండర్ పెడతారు. లైటు స్విచ్ చిన్నది, తేలిక. మీటరు సెండర్ డబ్బాలా లావుగా, బరువుగా ఉంటుంది. డీజిల్ ఇంజిన్ వణుకు సంగతి తెలిసిందే. సన్నటి 1/8 నిపుల్ చివర ఆ బరువు వేలాడుతూ రోజంతా ఊగితే ఒకరోజు మెడ దగ్గర తెగుతుంది. రణస్థలం దాటాక హైవే మీద అలా తెగిన బండి ఒకటి నాకు తెలుసు. ప్రెషర్‌తో ఆయిల్ మొత్తం రోడ్డు మీదికి కొట్టేసింది. లైటు వెలిగింది నిజమే, డ్రైవర్ చూసేసరికి ఆలస్యమైంది.

అలాంటి చోట టీని ఇంజిన్ మీద పెట్టను. రంధ్రంలో ఒక స్టీలు నిపుల్, అక్కడి నుంచి జడ అల్లిన సన్న ప్రెషర్ హోసు, బాడీ మీద ఒక క్లాంపులో టీ. అప్పుడు వణుకు హోసే మింగేస్తుంది. బాడీ మీదికి పోయాం కాబట్టి టీకి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో మళ్లీ చూడండి, పెయింట్ గీకి బిగించండి. హోసును సైలెన్సర్ పైపుకు దూరంగా నడపాలి.

ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్న ఇంజిన్లలో ఆ పంపుకు కూడా ఆయిల్ చాలాసార్లు ఇదే చోటు నుంచి పోతుంది. డీజిల్‌కు బ్రేకు బూస్టర్ నడవాలంటే ఆ పంపే ఆధారం. సెండర్ కోసం ఆ లైను మూసేసి, బ్రేకు గట్టిపడిందని బ్రేకులు విప్పుకుంటూ కూర్చున్నవాళ్లను చూశాను.

ప్రెషర్ ఎప్పుడూ ఫిల్టర్ తర్వాత, మెయిన్ గ్యాలరీ నుంచి తీసుకోవాలి. బ్లాకు పక్కన వరసగా ఉండే గ్యాలరీ ప్లగ్గుల్లో ఏదో ఒకటి సాధారణంగా దొరుకుతుంది. టీ పెట్టే ముందు ఆ దారి వెతకండి.

యాక్సిలరేటర్ తొక్కితే ఆయిల్ ముల్లు కిందికి పోతోంది. ఇంజిన్ పోయిందా?

ఇంజిన్ పోలేదు, సంబంధం తప్పింది. కొన్ని సెండర్లు ప్రెషర్ లేనప్పుడు 10 ఓమ్‌లు, నిండా ఉన్నప్పుడు 180 ఓమ్‌లు చూపుతాయి. వీడీఓ (మీటర్ల కంపెనీ) తరహావి ఇలాంటివే. అమెరికా పద్ధతివి తలకిందులు: ఖాళీగా 240, నిండుగా 33. ఒక రకం మీటరుకు ఇంకో రకం సెండర్ పెడితే ముల్లు ఎదురు నడుస్తుంది.

వైరు విప్పి చూస్తే మీటరు ఏ జాతిదో తెలుస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి సెండర్ వైరు ఊడదీయండి, తర్వాత ఒక్క క్షణం ఎర్త్‌కు తాకించండి. 10-180 రకమైతే ఊడదీస్తే ముల్లు నిండుకు పోతుంది, ఎర్త్ చేస్తే సున్నాకు వస్తుంది. 240-33 రకం దీనికి ఎదురు. పాత బైమెటల్ మీటర్లను ఎక్కువసేపు ఎర్త్‌లో ఉంచొద్దు, లోపలి చుట్ట మాడిపోతుంది.

మధ్యలో ఒక రెసిస్టర్ వేస్తే సరిపోదా?

ఒక్క పాయింట్ దగ్గర సరిపోతుంది, మిగతా అంతటా తప్పుతుంది. సెండర్ మార్చండి లేదా మీటరు మార్చండి.

సెండర్ బాగుందో లేదో ఇంట్లో చూసుకోగలమా?

టెంపరేచర్‌ది సులువు. గిన్నెలో నీళ్లు, థర్మామీటర్, మల్టీమీటర్ ఉంటే చాలు. సెండర్‌ను తీగతో వేలాడదీసి కొన మాత్రమే నీళ్లలో మునిగేలా పెట్టండి, గిన్నె అడుక్కు తగలకూడదు. 120 డిగ్రీల స్కేలున్న వీడీఓ రకం సెండర్ 40 డిగ్రీల దగ్గర సుమారు 287 ఓమ్‌లు, 60 దగ్గర 134, 80 దగ్గర 69, నీళ్లు మరిగేటప్పుడు 38 దగ్గర చూపాలి. వేడి పెరిగితే ఓమ్‌లు తగ్గాలి, సాఫీగా తగ్గాలి. మధ్యలో గెంతులేస్తే పారేయండి. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకండి, మా ఇంట్లో ఈ విషయంలో ఒకసారి పెద్ద గొడవే అయ్యింది.

ఆర్‌పీఎం మీటరు ఎలా కలపాలి? పెట్రోలు బండిలో కాయిల్ నుంచి వచ్చేది.

డీజిల్‌కు కాయిల్ లేదు. రెండు దారులున్నాయి. ఆల్టర్నేటర్ వెనక డబ్ల్యూ అని రాసిన టెర్మినల్ ఉంటే అక్కడి నుంచి తీసుకోవచ్చు. 12 పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఆల్టర్నేటర్ ఒక చుట్టుకు 6 పల్స్‌లు ఇస్తుంది. పుల్లీ లెక్కన ఇంజిన్ ఒకసారి తిరిగితే అది రెండున్నర సార్లు తిరుగుతుందనుకోండి, ఇంజిన్ చుట్టుకు 15 పల్స్‌లు. మీటరు వెనక ఆ సంఖ్య సెట్ చేయాలి. బెల్టు జారితే మీటరూ జారుతుంది.

రెండోది ఫ్లైవీల్ పళ్ల మీద చూసే మాగ్నెటిక్ పికప్. జనరేటర్లలో ఇదే వాడతారు. బెల్ హౌసింగ్‌లో మర రంధ్రం ఉంటే ఇంజిన్ ఆపి, ఒక పన్ను సరిగ్గా ఎదురుగా వచ్చేలా తిప్పి, పికప్‌ను తగిలేదాకా చేత్తో బిగించి అర చుట్టు వెనక్కి తీయండి. 1.5 మి.మీ. పిచ్ అయితే అర చుట్టు అంటే 0.75 మి.మీ. ఖాళీ, చాలావాటికి అది సరిపోతుంది. తర్వాత చెక్ నట్ బిగించాలి. పన్ను ఎదురుగా లేకుండా, రెండు పళ్ల మధ్య సందులోకి బిగించి స్టార్ట్ కొడితే పికప్ తల చెక్కేస్తుంది.

కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే డీజిల్) ఇంజిన్ వేస్తున్నాం. దానికీ ఇవే పద్ధతులా?

కాదు. అక్కడ సెన్సర్ మీటరుది కాదు, కంప్యూటర్‌ది. ఇంజిన్‌తో పాటు ఈసీయూ (ఆ కంప్యూటర్), వైరింగ్ జడ మొత్తం, యాక్సిలరేటర్ పెడల్, తాళం చెవి వరకు అన్నీ ఒకే బండి నుంచి తెచ్చుకోవాలి. ఏ సెన్సర్ ఏ రంధ్రంలో ఉందో అక్కడే ఉండాలి. కంప్యూటర్ చూసే రెండు వైర్ల కూలెంట్ సెన్సర్ ఓమ్‌లు వేరే స్థాయివి. బాష్ వారి మామూలు రకం 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్‌లు ఉంటుంది. దాని వైరు చీల్చి పాత మీటరుకు కలిపితే మీటరూ నిజం చెప్పదు, కంప్యూటరూ డీజిల్ తప్పు కొడుతుంది. పాత మీటరు కోసం వేరే సెండర్ వేరే చోట పెట్టండి.

రైల్ ప్రెషర్ సెన్సర్‌కు మాత్రం ఏ అడాప్టరూ వద్దు, ఎంత మంచి టర్నర్ చేసినా వద్దు. అక్కడ 1600 బార్, ఆ పైన కూడా ఒత్తిడి ఉంటుంది. ఆ సీల్ లోహం మీద లోహం కరుచుకుని అయ్యేది. లీకయితే సన్నటి డీజిల్ చార చర్మంలోకి దూసుకుపోతుంది. దాన్ని వెతకడానికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్లున్నారు, దయచేసి పెట్టకండి.

లారీ ఇంజిన్, 24 వోల్టులు. మీటర్లు 12వి. సెండర్ మారుతుందా?

ఓమ్‌లు చూపే రకమే అయితే సెండర్ మారదు, మీటరుకు కరెంటు ఇచ్చే చోట 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టాలి. డీజిల్ ఆపే సొలెనాయిడ్‌కు మాత్రం అసలు వోల్టేజే ఇవ్వాలి.

మాది భావనపాడు వైపు. ఫిట్టింగులు ఏడాదికే పచ్చబడుతున్నాయి.

ఉప్పు గాలి. ఇత్తడి అడాప్టర్ తట్టుకుంటుంది, దాని మీద గాల్వనైజ్డ్ ప్లంబింగ్ నిపుల్ వేస్తే అదే ముందు పోతుంది. టెర్మినల్ మీద డైఎలక్ట్రిక్ గ్రీజు, పైన రబ్బరు టోపీ. వైరు లగ్గు నొక్కిన చోటే లోపల పచ్చబడుతుంది కాబట్టి హీట్ ష్రింక్ గొట్టం వేయించండి.

ఇంజిన్ మార్చినందుకు ఆర్టీఓ దగ్గర ఇబ్బంది ఉంటుందా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి కావాలి. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మారాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది కూడా. అదే రకం ఇంజిన్ వేయడం వేరు, ఇంకో కంపెనీది వేయడం వేరు. ఇంజిన్ కొనకముందే ఆఫీసుకు వెళ్లి అడగండి, బిల్లు తప్పక తీసుకోండి. నంబరు కలవకపోతే యాక్సిడెంట్ రోజున ఇన్సూరెన్స్ దగ్గర పడే టెన్షన్ ముందు ఈ తిరుగుడు ఎంత?

పని అయ్యాక ఎలా చెక్ చేయాలి?

చల్ల ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిందో లేదో చూడండి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. తర్వాత ప్రతి ఫిట్టింగ్ కింద తెల్ల కాగితం ముక్క పెట్టి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో వదలండి, చెమ్మ ఉంటే కాగితం మీద పడుతుంది. హీటర్ లైను, రేడియేటర్‌లో గాలి పోయేదాకా నీళ్లు నింపండి.

ఆ తర్వాత లోడు వేసి ఎక్కుడు రోడ్డు మీదికి తీసుకెళ్లండి. మా దగ్గర బండ్లను సాలూరు నుంచి సుంకి దాకా పంపుతాను. ఇంజిన్ వేడెక్కాక టెంపరేచర్ ముల్లు మలుపుల దగ్గర కాస్త పైకి, దిగుడులో కాస్త కిందికి కదలాలి. బతికున్న సెండర్ అలా కదులుతూనే ఉంటుంది. వెనక్కి వచ్చాక ఇంజిన్ వేడిగా ఉండగానే అడాప్టర్ల మీద ఒకసారి పానా పెట్టి చూడండి. ఎక్కువసార్లు ఇత్తడిది ఒక పావు చుట్టు ఇస్తుంది.